నాన్నగారికి 30,000 రూపాయల స్మార్ట్ వాచీ కొనడం సమంజసమేనా?

అడిగినవారు: రాయగడలో ఉపాధ్యాయిని

మా నాన్నగారికి 68 ఏళ్లు. బీపీకి ఆరేళ్లుగా, షుగరుకు మూడేళ్లుగా మాత్రలు వాడుతున్నారు. ఆయనా అమ్మా పర్లాకిమిడిలో ఉంటారు. నేను రాయగడలో పని చేస్తూ వారాంతంలో మాత్రమే ఇంటికి వెళ్లగలుగుతున్నాను. గుండె కొట్టుకునే తీరు, ఈసీజీ, నిద్ర, పడిపోతే హెచ్చరిక, ఇవన్నీ ఉన్న ఒక వాచీని సుమారు 30,000 రూపాయలకు కొనిద్దామని విశాఖలో ఉన్న మా తమ్ముడు అంటున్నాడు. మా బజారులోని దుకాణంలో మాత్రం 2,000 రూపాయల వాచీ చూపించి, బీపీతో పాటు షుగరు కూడా సూది లేకుండానే చెబుతుందని హామీ ఇచ్చారు. ఈ రెంటిలో ఏది కొన్నా నాన్నగారికి నిజంగా మేలు జరుగుతుందా? ఇంట్లో ఎవరూ వైద్యం తెలిసినవారు కారు కనుక, అనుభవం ఉన్నవారు చెబితే మాకు ధైర్యంగా ఉంటుంది.

బరంపురం నుంచి, ఈసీజీ టెక్నీషియన్

అమ్మా, ముందుగా ఆ 2,000 రూపాయల వాచీ సంగతి. సూది గుచ్చకుండా రక్తంలో చక్కెరను కొలుస్తామని చెప్పే వాచీలకు గాని, ఉంగరాలకు గాని తాము అనుమతి ఇవ్వలేదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2024 ఫిబ్రవరిలో ప్రజలను హెచ్చరించింది. అటువంటి అంకెను నమ్మి మాత్రల మోతాదు మారిస్తే ప్రాణం మీదికి వస్తుంది. మోచేతి పైభాగాన అతికించే 14 రోజుల షుగరు సెన్సరు వేరే సంగతి. దాని సన్నని తీగ చర్మం కింద ఉంటుంది కాబట్టి అది నిజంగా కొలుస్తుంది.

ఖరీదైన వాచీ పని చేసే తీరు తెలిస్తే, దాని బలమూ బలహీనతా మీకే అర్థమవుతాయి. వాచీ అడుగున వెలిగే పచ్చని కాంతిని రక్తం పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ మణికట్టు దగ్గర రక్తం పెరిగి తగ్గుతుంది కనుక, తిరిగి వచ్చే కాంతిలోని తేడాను బట్టి వాచీ నాడిని లెక్కిస్తుంది. కదలకుండా కూర్చున్నప్పుడు ఈ లెక్క బాగానే ఉంటుంది. ఒక రోగి తెచ్చిన చవక వాచీని నేను చుట్టిన తువాలుకు కట్టి చూస్తే దానిమీద కూడా నాడి 76 అని చూపించింది. అప్పటినుంచి నాసిరకం వాచీ అంకెను నేను కాగితం మీద రాయడం లేదు.

మంచి వాచీలోని ఈసీజీ ఒకే లీడుది, అంటే గుండెను ఒకే కోణం నుంచి చూసేది. మా దగ్గర తీసేది 12 లీడ్లది. కనుక గుండెపోటును పట్టడం వాచీ వల్ల కాదు, తయారుచేసే సంస్థలు కూడా ఆ మాట చెబుతాయి. అది పట్టగలిగేది ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే లయ దోషాన్ని. నాలుగు లక్షల మందికి పైగా పాల్గొన్న ఒక అమెరికా అధ్యయనం 2019లో వెలువడింది; అందులో మొత్తం మీద 0.52 శాతం మందికి, 65 దాటినవారిలో సుమారు 3 శాతం మందికి లయ తప్పిందన్న హెచ్చరిక వచ్చింది. మీ నాన్నగారి వయసులో ఆ ఉపయోగం కొట్టిపారేయదగ్గది కాదు. కాని ఆయనకు ఉన్న జబ్బు బీపీ. బీపీ చూపే పేరున్న వాచీ ఒకటి ఉంది గాని, దాన్ని 28 రోజులకొకసారి చేతికి పట్టీ చుట్టే బీపీ మిషనుతో సరిచూసుకోవాలి. ఆ మిషను ఎలాగూ ఇంట్లో ఉండవలసిందే అయినప్పుడు, ముందు దాన్నే కొనడం న్యాయం కదా.

సిరోంచ నుంచి, రైతు

పడిపోతే హెచ్చరిక గురించి నాకు తెలిసినంతవరకు చెబుతాను. ప్రాణహిత ఒడ్డున ఉన్న మా ఊళ్లో అమ్మ ఒంటరిగా ఉంటుంది కనుక నిరుడు ఒక వాచీ కొన్నాను. ఆమె పెరట్లో జారిపడినప్పుడు వాచీ గుర్తించింది, శబ్దమూ చేసింది. కాని సిమ్ము లేని ఆ వాచీ బ్లూటూత్ ద్వారా ఫోనును ఆసరా చేసుకుంటుంది. ఫోను వంటగదిలో ఉండిపోయింది, పైగా మా ఊళ్లో సిగ్నలు ఒక్క మేడమీదే అందుతుంది. నాకు కబురు అందించింది పక్కింటి అత్తమ్మ. కాబట్టి మీ నాన్నగారు నడిచే దారుల్లో సిగ్నలు ఉందో లేదో చూసుకున్నాకే డబ్బు ఖర్చు పెట్టండి.

సర్వరు, అంటే అమ్మిన సంస్థ నడిపే దూరపు కంప్యూటరు మీద ఆధారపడే పరికరాల విషయంలోనూ జాగ్రత్త అవసరం. హ్యూమేన్ అనే సంస్థ 2024లో చొక్కాకు తగిలించుకునే ఏఐ పిన్నును 699 డాలర్లకు, దానిపై నెలనెలా 24 డాలర్ల చందాకు అమ్మింది. 2025 ఫిబ్రవరి 28న సర్వర్లు ఆపేయడంతో కొన్నవారి చేతిలో ఆ పిన్ను దాదాపు పనికిరాకుండా పోయింది.

గుణుపురం నుంచి, పదవీ విరమణ చేసిన బ్యాంకు ఉద్యోగి

అడుగులు లెక్కపెట్టే సాధారణ బ్యాండు నాకు మేలే చేసింది. రోజూ రైలు స్టేషను దాకా నడవడం అలవాటైంది. పదివేల అడుగులన్న నియమం మాత్రం వైద్యులు పెట్టింది కాదు, 1965లో జపాన్‌లో ఒక అడుగుల లెక్క యంత్రానికి పెట్టిన పేరులోంచి వచ్చింది. సగటున 72 ఏళ్ల మహిళలపై 2019లో వచ్చిన అధ్యయనంలో సుమారు 7,500 అడుగుల తర్వాత ప్రయోజనం పెరగలేదు. నడకకే అయితే 30,000 అనవసరం.

అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. తమ్ముడికి ఇవన్నీ చదివి వినిపించాను. ఈ శనివారం చేతికి పట్టీ చుట్టే బీపీ మిషను, వేలికి గుచ్చి చూసే షుగరు మిషను కొంటున్నాం. నాన్నగారి చేయి లావు కనుక పెద్ద పట్టీ దొరుకుతుందో లేదో బరంపురం వారు చెబితే బాగుంటుంది. చిన్న పట్టీ చుడితే అంకె ఎక్కువ చూపుతుందని మా డాక్టరుగారు అన్నారు. వాచీ గురించి మాత్రం, గుండె లయ చూపించుకోవలసిన అవసరం ఉందని ఆయన చెబితేనే ఆలోచిస్తాం.