బెంగళూరు షోరూమ్: పదకొండు గంటల డ్యూటీకి ఓటీ (ఓవర్‌టైమ్) వస్తుందా?

కేఆర్‌పురం కుర్రాడు:
మారతహళ్లిలో బట్టల షోరూమ్, సేల్స్ పని. పొద్దున 10కి పంచ్ ఇన్, రాత్రి 9:30కి పంచ్ ఔట్, భోజనానికి అరగంట. వారానికి ఒక ఆఫ్. జీతం 20,800. ఓటీ అడిగితే పండగ సీజన్ అయ్యాక కాంప్ ఆఫ్ (డబ్బుకు బదులు సెలవు) ఇస్తామంటున్నారు. చెన్నై ఫ్రెండేమో నాలుగు గంటలకే గంట బ్రేక్ ఇవ్వాలంటున్నాడు. ఏది నిజం?

రూల్‌బుక్:
అతను చెప్పింది తమిళనాడు చట్టం. అది సరిహద్దులోని అత్తిబెలె దాటాకే పనికొస్తుంది. మీకు వర్తించేది 1961 నాటి కర్ణాటక షాపులు, వాణిజ్య సంస్థల చట్టం. సెక్షన్ 9 ప్రకారం వరసగా ఐదు గంటలకు మించి పని చేయించకూడదు, ఆపైన కనీసం గంట విశ్రాంతి ఇవ్వాలి. అరగంట చెల్లదు.

పని గంటలకు సెక్షన్ 7: రోజుకు 9, వారానికి 48. ఓటీ కలిపినా రోజుకు 10 దాటకూడదు. స్టాక్ లెక్కింపు, అకౌంట్లు ముగించే రోజులకే మినహాయింపు. మీరు చేస్తున్నది 11. ఇక రాక నుంచి పోక దాకా మొత్తం 12 గంటల్లోపు ఉండాలన్న షరతు ఒకటుంది. మీది పదకొండున్నరే కాబట్టి ఫిర్యాదులో ఆ పాయింట్ ఎత్తకండి.

లెక్కల మాస్టారు:
చాలామంది పొరబడేది వారం దగ్గర. రోజుకు 9 అన్నారు కదా అని ఆరు రోజులూ 9 చేస్తే 54 అవుతుంది. అంటే రోజువారీ హద్దు దాటకుండానే ఆరు గంటల ఓటీ!

మీ లెక్క: 11 × 6 = 66. అందులో 48 తీసేస్తే వారానికి 18 గంటలు ఓటీ. వరసగా మూడు నెలల్లో ఓటీ 50 గంటలు మించకూడదు. మీకది మూడో వారంలోనే అయిపోతుంది. రేటు రెట్టింపు (సెక్షన్ 8), బోనస్ ఇందులో కలవదు. మామూలుగా 26 రోజులతో భాగిస్తారు: 20,800 ÷ 26 = 800, రోజుకు 8 గంటల లెక్కన గంటకు 100, ఓటీకి 200. వారానికి 3,600 రావాలి. చట్టం ఇమ్మన్నది డబ్బే, కాంప్ ఆఫ్ కాదు.

కేఆర్‌పురం కుర్రాడు:
థాంక్సండీ. నా ఐడీ కార్డు మీద ‘ఫ్లోర్ మేనేజర్’ అని ఉంది. మేనేజర్లకు ఇవేవీ వర్తించవంటున్నారు.

రూల్‌బుక్:
మేనేజ్‌మెంట్ హోదాలో ఉన్నవాళ్లకు మినహాయింపు నిజమే. కానీ చూసేది కార్డు కాదు, చేసే పని. లీవులు మంజూరు చేస్తారా? మనుషుల్ని తీసుకునే అధికారం ఉందా? రోజంతా చీరలు విప్పి చూపించడమే పనైతే ఆ హోదా నిలబడదు.

మీ ఏరియా లేబర్ ఇన్‌స్పెక్టర్‌కు రాయండి. ఎవరో తెలియకపోతే బన్నేరుఘట్ట రోడ్డులో, డెయిరీ సర్కిల్ దగ్గరున్న కార్మిక భవనలో అడగండి. కన్నడలో రాయిస్తే పని తొందరగా కదులుతుంది. రెండో కాపీ మీద ముద్ర వేయించుకోకుండా బయటికి రావద్దు. నలుగురైదుగురు కలిసి సంతకాలు పెడితే ఒక్కరి మీదే కక్ష కట్టడం కష్టం. ఆరు నెలల సర్వీసు నిండినవాళ్లను సరైన కారణం, నెల నోటీసు లేదా దానికి బదులు జీతం లేకుండా తీసేయకూడదు (సెక్షన్ 39).

లెక్కల మాస్టారు:
ఫిర్యాదుకు ముందే ఆధారాలు దాచుకోండి. తర్వాత బయోమెట్రిక్ రికార్డు మీ చేతికి రాదు. రోస్టర్ పెట్టిన వాట్సాప్ మెసేజ్‌లు, పే స్లిప్పులు, తారీఖు వేసి వచ్చిన టైమూ వెళ్లిన టైమూ రాసుకున్న నోటుబుక్కు ఉండాలి. కొన్నిచోట్ల 7 గంటలకే పంచ్ ఔట్ కొట్టించి పని చేయిస్తారు. అలాంటప్పుడు 7 తర్వాత మీ లాగిన్‌తో వేసిన బిల్లుల నంబర్లు, టైము రాసి పెట్టుకోండి. రిజిస్టర్ దిద్దినంత తేలిగ్గా బిల్లు మీది టైము దిద్దలేరు.