కన్యాశుల్కం మన యాసలో ఆడాలా, గురజాడ రాసినట్టే ఆడాలా?

ప్రాంప్టర్, హనుమకొండ:

మా నాటక సమాజం ఈసారి దసరా తర్వాత మొదలుపెట్టి ఉగాది దాకా నాలుగు సాయంత్రాలు నాటకాలు వేయాలనుకుంటున్నది. మూడింటి మీద పేచీ లేదు. జనగామ వైపు నుంచి చిందు మేళాన్ని పిలిచి ఒక యక్షగానం ఆడిస్తాం. చిందు యక్షగానానికి 2024లో పద్మశ్రీ అందుకున్న గడ్డం సమ్మయ్య గారిది ఆ జిల్లానే. అయినా మన హనుమకొండ పిల్లల్లో చాలామంది చిందు భాగోతం కళ్లారా చూడలేదు. ఇంకో రోజు కాలేజీ పిల్లల నాటికలు రెండు. ఉగాది ముందు హరిశ్చంద్ర కాటి సీను, దానికి హార్మోనియం వాయించే ఆయనతో కూడా మాట్లాడి పెట్టుకున్నాం.

గొడవంతా మొదటి నాటకం మీద. కన్యాశుల్కాన్ని రెండున్నర గంటలకు కుదించి ఆడాలని అందరికీ ఉంది. సగం మంది దాన్ని వరంగల్ యాసలోకి మార్చాలంటున్నారు. మిగతా సగం గురజాడ మాట ఒక్కటి కూడా కదపొద్దంటున్నారు. రెండు మీటింగులు దీనికే సరిపోయాయి.

నేను మార్చాలనే పక్షం. ఎందుకో చెప్తాను. పదకొండేళ్లుగా తెర పక్కన స్టూలు మీద చిన్న టార్చి పట్టుకుని కూర్చుంటున్నాను. నటుడు డైలాగు మరిచిపోయాక నేను అందించేలోపు ఒక క్షణం ఖాళీ వస్తుంది. ఆ క్షణంలో అతని నోట్లోంచి వచ్చేది స్క్రిప్టు భాష కాదు, ఇంట్లో మాట్లాడే భాష. పోయిన వారం సుబేదారిలో మేం కూడే ట్యూషన్ సెంటర్ పైగదిలో నాటకం మొదటిసారి చదివాం. బుచ్చమ్మ వేసే అమ్మాయి బట్టల షాపులో పని ముగించుకుని వస్తుంది. అప్పటిదాకా పాఠం అప్పజెప్పినట్టు చదివింది. ఒకచోట పేజీలు రెండూ అంటుకుపోయి, మాట దొరక్క, "గట్లెందుకంటవ్ తమ్మీ" అన్నది. వెంకటేశం వేసే పిల్లవాడు చటుక్కున తలెత్తి ఆమె ముఖంలోకి చూశాడు. గంటన్నర చదివితే, వాళ్లిద్దరూ అక్కాతమ్ముళ్లలా కనిపించింది ఆ ఒక్కసారే.

మీరేమంటారు?

తెలుగు టీచర్, జనగామ:

అన్నా, ఆ అమ్మాయి బాగానే పలికి ఉంటుంది, కాదనను. కానీ అక్కడ కొరత రిహార్సల్‌ది, నాటకానిది కాదు. ఇంకో ఇరవై రోజులు కూర్చోబెట్టి చదివించండి, గురజాడ మాట ఆమె నోట్లో నానుతుంది.

కన్యాశుల్కం 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు. అప్పటికి నాటకమంటే గ్రాంథికమే అనుకునే రోజులు. ఆయన మనుషులు మాట్లాడుకునే తెలుగులో రాశాడు. ఎందుకలా రాశాడో 1897లో అచ్చు వేసినప్పుడు పీఠికలో వాదించాడు. వాడుక మాట కోసం నిలబడ్డ నాటకంలోంచి ఆ వాడుక మాటనే పీకేస్తే ఇక మిగిలేదేమిటి?

పైగా అందులో ఉన్నది ఒక్క తెలుగు కాదు. అగ్నిహోత్రావధానులు కసురుకునే తెలుగు వేరు, మధురవాణి తెలుగు వేరు, రామప్ప పంతులు తెలుగు వేరు, అసిరిగాడి తెలుగు వేరు. ఎవరు మాట్లాడుతున్నారో కళ్లు మూసుకుని చెప్పొచ్చు. వాళ్లందరినీ తీసుకొచ్చి "వస్తున్న, పోతున్న"లో ముంచితే అందరూ ఒకే మనిషి అవుతారు. అసలు వరంగల్ యాస అని ఒకటే ఉందా? మా జనగామ మాట, మీ హనుమకొండ మాట ఒకటి కాదు. జగిత్యాల పోతే ఇంకో రకం, ఆదిలాబాద్‌లో మరాఠీ కలుస్తుంది. మీరు ఎవరి యాసలోకి మారుస్తారు? ఎవరు రాస్తారు?

కాజీపేట రైల్వే కాలనీ:

సార్, మీరు చెప్పినవన్నీ నిజమే. కానీ మేం సినిమా హాళ్లలో ఏం విన్నామో కూడా చూడండి. ఏళ్ల తరబడి మన యాస మాట్లాడింది రౌడీలు, నవ్వించేవాళ్లు. హీరో మాట్లాడలేదు, జడ్జి మాట్లాడలేదు. మా పక్క మడికొండలో పెరిగిన కాళోజీ "రెండున్నర జిల్లాల భాష" అని ఎందుకు మండిపడ్డాడు? ఆయన పుట్టిన సెప్టెంబరు 9న భాషా దినోత్సవం అని దండలేస్తున్నాం, స్టేజీ ఎక్కగానే మళ్లీ అదే రెండున్నర జిల్లాల మాట. జాను తెనుగులో రాస్తానని చెప్పిన పాల్కురికి సోమనాథుడి నేల ఇది. మన ఊరి నాటకంలో సౌజన్యారావు పంతులంతటి వకీలు మన మాట మాట్లాడితే నాకు చూడాలని ఉంది.

పుట్టిల్లు విజయనగరం, మెట్టినిల్లు వరంగల్:

కాజీపేట అన్నయ్యా, ఆ రెండున్నర జిల్లాల్లో మా విజయనగరం లేదండీ. పుస్తకాల్లోకి, సినిమాల్లోకి వెళ్లింది కృష్ణా, గుంటూరు, గోదావరి వైపు మాట. మా "ఏటి", "బేగి" వినబడితే హాల్లో నవ్వేవాళ్లు, మీ యాసకు నవ్వినట్టే. కన్యాశుల్కంలో ఎక్కువగా ఉన్నది బ్రాహ్మల ఇళ్ల మాట, మా ఇంటి మాట కూడా అది కాదు. అయినా అది మా నేల మాటే.

నేను ఇక్కడికి వచ్చి పందొమ్మిదేళ్లయింది. వచ్చిన కొత్తలో కూరగాయలమ్మే ఆవిడతో "బేగి ఇయ్యండి" అన్నాను. ఆవిడకు అర్థం కాలేదు, మళ్లీ అడిగింది. పక్కన నిలబడ్డ ఇద్దరు మొహమొహాలు చూసుకున్నారు. ఆ రోజు నుంచి ఆ మాట ఇంట్లో కూడా అనడం మానేశాను. మా పిల్లలకు "బేగి" అంటే ఏమిటో తెలియదు. మీ యాసను తొక్కారన్న బాధ నాకు బాగా తెలుసు. కానీ ఆ బాధ తీర్చుకోవడానికి మీరు తీసేసేది తొక్కినవాళ్ల మాట కాదు, తొక్కుడుపడ్డ ఇంకొకరి మాట. అది ఒక్కటి గుర్తుపెట్టుకోండి.

మీరు రాసినదున్నట్టు ఆడేటట్టయితే నేను రిహార్సల్‌కు వచ్చి కూర్చుంటాను. ఎక్కడ సాగదీయాలో, ఎక్కడ తుంచాలో చెప్తాను. మీ వాళ్లు దాన్ని టీవీ తెలుగులా చదివితే మాత్రం విజయనగరమూ కాదు, వరంగల్లూ కాదు.

ఎల్కతుర్తి:

మార్చాలనేవాళ్లకు ఒకటే ప్రశ్న. గిరీశం ఇంగ్లీషు ముక్కలను ఏం చేస్తారు? ఆ రోజుల్లో హనుమకొండలో ఇంగ్లీషుతో బడాయి కొడితే ఎవరు బెదిరేవాళ్లు?

ప్రాంప్టర్, హనుమకొండ:

ఎల్కతుర్తి తమ్ముడు అడిగిన ప్రశ్నతో నాకు నిన్న రాత్రి నిద్ర పట్టలేదు. మేం ఇన్నాళ్లు మాట్లాడింది క్రియల చివర్ల గురించి. "చేస్తాను" తీసి "చేస్త" పెట్టడం గురించి. అసలు సంగతి అది కాదు.

గిరీశం ఇంగ్లీషు ఎందుకు పనిచేస్తుంది? విజయనగరం మీద ఇంగ్లీషువాడి పెత్తనం ఉంది కాబట్టి. చదువు, కోర్టు, ఉద్యోగం, గౌరవం అన్నీ ఆ భాష వెనకాల నడిచాయి. గిరీశం, వెంకటేశం ఇంగ్లీషులో మాట్లాడుకుంటుంటే వెంకమ్మ మురిసిపోయే సీను ఉంది కదా, అది నిలబడేది ఆ పెత్తనం మీదే. అదే కాలంలో మన దగ్గర ఏ భాష పెత్తనం చేసింది? 1880ల్లో నిజాం రాజ్యంలో పారసీ పోయి ఉర్దూ అధికార భాష అయింది. 1918లో ఉస్మానియా పెట్టినప్పుడు కూడా పాఠాలు ఉర్దూలోనే చెప్పారు. మేం రిహార్సల్ చేసే సుబేదారి పేరే చూడండి. వరంగల్ సుబాకు పెద్దగా ఉన్న సుబేదారు వల్ల వచ్చిన పేరది. రోజూ ఆ పేరు చెప్పి ఆటో ఎక్కుతాం, ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

1921 నవంబరులో హైదరాబాదులో కార్వే అధ్యక్షతన సంఘ సంస్కరణ సభ జరిగింది. ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గోల చేసి ఆపేశారు. తెలుగువాళ్లున్న ఊళ్లో, సంస్కరణ కోసం పెట్టుకున్న సభలో! ఆ అవమానంలోంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం 1904లోనే పెట్టుకున్నామంటే, మన భాషకు ఒక గూడు కావాలని అప్పటికే ఎంత గట్టిగా అనిపించి ఉంటుందో చూడండి.

అందుకని నేననేది ఇది. కన్యాశుల్కాన్ని మన యాసలోకి తేవాలంటే మాటలు మారిస్తే చాలదు, ఆ లోకాన్నే ఇక్కడికి తేవాలి. మన గిరీశం ఇంగ్లీషు మాట్లాడడు. సగం వచ్చీరాని ఉర్దూ షేర్లు చదువుతాడు. సౌజన్యారావు కోర్టులో ఉర్దూలో వాదించి, ఇంటికొచ్చి తెలుగులో బాధపడతాడు. యాస ఒక్క అసిరిగాడికి, పూటకూళ్లమ్మకు పెట్టి పెద్దమనుషులకు పుస్తకం తెలుగు ఉంచితే మాత్రం సినిమావాళ్లు చేసిన తప్పే మనమూ చేసినట్టు. అలా చేసే పనైతే నేను టార్చి పట్టుకోను.

ఇంత పని చేయలేమంటారా, అయితే గురజాడను ముట్టుకోవద్దు.

లైటింగ్, మండిబజార్:

నేను ఈ సమాజంలో తొమ్మిదేళ్లుగా లైట్లు చూస్తున్నాను. మా ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు. అన్న రాసింది చదివి నిన్న ఫోన్ చేశాను, ఇక్కడ కూడా రాయమన్నారు. గిరీశం ఉర్దూతో బడాయి కొడితే హాలంతా నవ్వుతుంది. మా అమ్మ ముందు వరుసలో కూర్చుంటుంది. ఆమెకు ఉర్దూ సర్కారు భాష కాదు, పిల్లలకు అన్నం పెట్టిన భాష. అప్పటి దర్బారు వేరు, మండిబజార్‌లో బండి తోసుకుంటూ ఉర్దూ మాట్లాడే మనిషి వేరు. ఈ తేడా స్టేజీ మీద ఎలా చూపిస్తారు?

నాకు తోచింది చెప్తాను. గిరీశానికి తప్పుల ఉర్దూ ఇవ్వండి, మధురవాణికి అసలైన ఉర్దూ ఇవ్వండి. ఆమె ఒక గజల్ అందుకోవాలి, మొత్తం పాడనక్కర్లేదు, రెండు చరణాలు చాలు. అప్పుడు గిరీశానికి రానిదేమిటో ఉర్దూ తెలియనివాళ్లకు కూడా తెలుస్తుంది. ఆ సీనుకు పసుపు లైటు ఒక్కటే ఉంచుతాను.

తెలుగు టీచర్, జనగామ:

మండిబజార్ తమ్ముడు చెప్పింది ఈ చర్చలో నాకు అన్నిటికన్నా నచ్చింది. ప్రాంప్టర్ అన్న చెప్పిన నాటకం ఎవరైనా రాస్తే మొదటి టికెట్ నేను కొంటాను. కానీ అది కన్యాశుల్కం కాదన్నా. సౌజన్యారావు ఉర్దూలో వాదించే నాటకం కొత్త నాటకం. దానికి కొత్త పేరు పెట్టండి, కింద "గురజాడ కన్యాశుల్కం ఆధారంగా" అని వేయండి. గురజాడ తన నాటకాన్నే తాను తిరగరాసి 1909లో మళ్లీ అచ్చు వేశాడు, దాదాపు వేరే నాటకంలా చేశాడు. అంతటివాడికే పన్నెండేళ్లు పట్టింది. మీరు దసరాలోపు ఎట్లా చేస్తారు? మీటింగుకు ముగ్గురు కూర్చుని రాత్రికి రాత్రి మార్చిన స్క్రిప్టు నేను చూశాను, ఎక్కడో చెప్పను. "ఎందుకు" ఉన్నచోటల్లా "ఎందుకు గిట్ల" అని కొట్టేశారు.

ఈ ఏడు రాసినట్టు ఆడండి. మన మాట వినాలని ఉంటే పాకాల యశోదారెడ్డి కథలు తీసుకోండి. "మా ఊరి ముచ్చట్లు" మొత్తం మన మాటే. అందులోంచి ఒక నాటిక కట్టి కాలేజీ పిల్లలకు ఇవ్వండి, అనుమతి కోసం ఇప్పటినుంచే అడగండి. ఉన్నది వదిలేసి లేనిదాని కోసం గురజాడను ఎందుకు కోయాలి?

కాజీపేట రైల్వే కాలనీ:

సార్ మాట పట్టుకుంటే మళ్లీ "వచ్చే ఏడు" అవుతుంది. మన మాటకు ఎప్పుడూ వచ్చే ఏడే.

ప్రాంప్టర్, హనుమకొండ:

ఆ భయం నాకూ ఉంది. అందుకే నిన్నటి మీటింగులో "చూద్దాం" అన్న మాట మీద లేవనివ్వలేదు. రాసుకున్నది ఇక్కడ పెడుతున్నాను.

ఈ సీజన్‌లో కన్యాశుల్కం గురజాడ రాసినట్టే, కుదించి ఆడతాం. విజయనగరం అక్క మంగళ, శుక్రవారాలు ఏడింటికి రిహార్సల్‌కు వస్తామన్నారు. కాలేజీ పిల్లల నాటికల్లో ఒకటి యశోదారెడ్డి కథ మీద, అనుమతి దొరికితే. ఉర్దూ గిరీశం నాటకానికి రాసే బాధ్యత నలుగురికి అప్పజెప్పాం. మండిబజార్ తమ్ముడు అందులో ఉన్నాడు. మొదటి అంకం సంక్రాంతికి చదవాలని తేదీ కూడా వేసుకున్నాం. కాజీపేట అన్నా, ఆ నలుగురిలో ఒక చోటు ఇంకా ఖాళీగా ఉంది, మీ కోసమే ఉంచాను.

బుచ్చమ్మ వేసే అమ్మాయికి ఈ సంగతి చెప్పాను. "అయితే నేను మళ్లా పుస్తకం లెక్కనే సదవాల్నా?" అని అడిగింది. నాకు వెంటనే జవాబు దొరకలేదు.

పుట్టిల్లు విజయనగరం, మెట్టినిల్లు వరంగల్:

ఆ అమ్మాయిని మంగళవారం అరగంట ముందే రమ్మనండి. ముందు పుస్తకం మూసేసి, వాళ్ల తమ్ముడితో ఇంట్లో ఎలా మాట్లాడుతుందో అలాగే ఆ సీను మొత్తం చెప్పించుకుంటాను. ఎక్కడ గొంతు తగ్గుతుందో, ఎక్కడ కోపం వస్తుందో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటాను. ఆ తర్వాతే గురజాడ మాటలు ఇస్తాను. ఇద్దరమే ఉంటాం, వెంకటేశాన్ని ఏడింటికి పంపించండి.