మోకాళ్లలో గుజ్జు అరిగినవాళ్లకు ఇంట్లో ఏది కొనాలి: ట్రెడ్‌మిల్లా, సైకిలా?

సాయి_నిజాంపేట: అమ్మ కోసం అడుగుతున్నానండీ. వయసు 62, ఎత్తు 5 అడుగులు, బరువు 78 కిలోలు. రెండు మోకాళ్లూ అరిగాయి, ఎక్స్‌రేలో గ్రేడ్ 2, అంటే తేలికపాటి అరుగుదల అన్నారు. ఆపరేషన్ అక్కర్లేదు, వ్యాయామం చేయించమన్నారు. బయట నడిపిద్దామంటే రోడ్డు నిండా గుంతలు, కుక్కలు. బడ్జెట్ 25 వేలు. ట్రెడ్‌మిల్, సైకిల్, ఎలిప్టికల్ (నిలబడి పెడళ్ల మీద అడుగులేసినట్టు తొక్కేది) మూడింట్లో ఏది తీసుకోవాలి?

గుంటూరు_మిర్చి: ఏది కొన్నా నెల తిరక్కుండా దాని మీద తువ్వాళ్లు ఆరేస్తారు. హ్యాండిల్ పొడుగ్గా ఉన్నది చూసి కొనండి.

ఫిజియో_వరంగల్: సైకిల్. కృత్రిమ మోకాళ్లలో సెన్సర్లు పెట్టి కొలిచిన లెక్కలున్నాయి. నేల మీద నడుస్తుంటే మోకాలి మీద పడే భారం శరీర బరువుకు దాదాపు రెండున్నర రెట్లు. ట్రెడ్‌మిల్ మీదా, ఎలిప్టికల్ మీదా రెండు రెట్లకు అటూఇటూ. తక్కువ బిగువుతో తొక్కే సైకిల్ మీద ఒక రెట్టుకు కాస్త అటూఇటూ.

సైకిళ్లలో కూడా వెనక్కి ఆనుకుని కూర్చునే రకం మేలు. కాలు పైకెత్తి దాటక్కర్లేదు, నడుముకు ఆసరా ఉంటుంది. బడ్జెట్‌కు అందకపోతే మామూలు నిలువు సైకిలే మ్యాగ్నెటిక్ బిగువు (అయస్కాంతంతో చక్రాన్ని బిగించేది) ఉన్నది తీసుకోండి. స్పిన్ బైక్ మాత్రం వద్దు. దాని బరువైన చక్రం చాలా మోడళ్లలో పెడళ్లకే కట్టేసి ఉంటుంది. మనం ఆపినా చక్రం ఆగదు, కాలిని లాక్కుపోతుంది.

ట్రెడ్‌మిల్_బాబాయ్ (బెజవాడ): మళ్లీ సైకిలే! ఫిజియోల నోట వేరే మాట రాదు. తమ్ముడూ, మీ అమ్మగారు రోజంతా చేసేది నడకా, తొక్కుడా? నడవాలంటే నడకే నేర్పాలి.

నేను రిపేర్లు చేసేవాణ్ణి కాబట్టి యంత్రం సంగతి చెబుతా. డబ్బా మీద 4 హెచ్‌పీ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది, అది పీక్, అంటే మోటారు కాసేపు మాత్రమే ఇవ్వగల శక్తి. కంటిన్యూయస్, అంటే ఆగకుండా ఇచ్చేది ఎంతో అడగండి, సగానికి పడిపోతుంది. 78 కిలోల మనిషి గంటకు 3 కిలోమీటర్ల వేగంతో నడిస్తే మోటారుకు పరుగు కన్నా అదే కష్టం. నెమ్మదిగా తిరిగేటప్పుడు లాగుడు ఎక్కువ, చల్లబడటం తక్కువ. మోటారు చాలకపోయినా, బెల్టు కింద సిలికాన్ ఆయిల్ ఆరిపోయినా అడుగు పడిన ప్రతిసారీ బెల్టు రవ్వంత ఆగి మళ్లీ కదులుతుంది. మోకాళ్లు పీకుతున్నాయని యంత్రాన్ని తిట్టేవాళ్లలో చాలామందికి ఉన్న జబ్బు ఇదే. బెల్టు కిందికి చెయ్యి పెట్టి చూడండి, పొడిగా తగిలితే ఆయిల్ వెయ్యాలి. నడిచే చోటు కనీసం 120 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు. వాలు సున్నాలో ఉంచాలి. మోటారు లేని రకం జోలికి పోవద్దు, బెల్టును కాళ్లతోనే నెట్టాలి.

ఫిజియో_వరంగల్: కరెంటు పోతే?

ట్రెడ్‌మిల్_బాబాయ్: కడ్డీ పట్టుకుని నడిస్తే ఏం కాదు. 3 కిలోమీటర్ల వేగం అంతే కదా.

ఫిజియో_వరంగల్: ఆ వయసులో మోకాలు నొప్పి ఉన్న మనిషి బెల్టు ఒక్కసారి ఆగితే ముందుకు తూలుతుంది. ఏం కాదని మీరు రాసిస్తారా?

డల్లాస్_వెంకట్: ఇద్దరూ ఎలిప్టికల్‌ను వదిలేశారు. పాదం పెడల్ మీంచి లేవదు, దెబ్బే తగలదు. ఇక్కడ అందరూ అదే చెబుతారు.

ట్రెడ్‌మిల్_బాబాయ్: అక్కడ మీరు చూసేది 18, 20 అంగుళాల అడుగు పడే యంత్రం. ఇక్కడ 25 వేలలో వచ్చేది 12, 14 అంగుళాలది. అంత పొట్టి అడుగులో ముందుకు కదలడం ఉండదు, మెట్లెక్కినట్టు పైకీ కిందికే. పైగా చౌకరకంలో రెండు పెడళ్ల మధ్య ఎడం ఎక్కువ, కాళ్లు వెడల్పుగా పెట్టుకుని తొక్కాలి. మోకాలు లోపలి వైపు అరిగినవాళ్లకు అది పనికిరాదు.

ఫిజియో_వరంగల్: ఈ ఒక్క విషయంలో బాబాయ్‌గారి మాటే నాదీ.

లక్ష్మీ_రాజోలు: నిలువు సైకిల్ సీటు పొట్టివాళ్లకు అందదండీ. అట్టడుగు బెజ్జంలో పెట్టినా మునివేళ్లతో తొక్కాల్సి వస్తుంది. దీని గురించి ఎవరూ చెప్పరేం? చీర సంగతి కూడా.

ఫిజియో_వరంగల్: మంచి ప్రశ్న. కొనకముందే కొలవాలి. చెప్పుల్లేకుండా గోడకు ఆనుకుని నిలబడి, కాళ్ల మధ్య ఒక పుస్తకాన్ని పైకి గట్టిగా నొక్కి పట్టుకోవాలి. నేల నుంచి పుస్తకం పై అంచు దాకా కొలత తీసి 1.09తో గుణించండి. 68 సెంటీమీటర్లు వస్తే లెక్క 74. పెడల్ పూర్తిగా కిందికి ఉన్నప్పుడు దాని ఇరుసు నుంచి సీటు పైభాగం దాకా అంత దూరం ఉండాలి. షాపుకు టేపు పట్టుకెళ్లండి. సీటును అట్టడుగుకు దించినా 74 దాటితే ఆ సైకిల్ ఆమెకు కాదు. ఆన్‌లైన్‌లో అయితే ఆ కొలత అడిగి, చెప్పకపోతే వదిలేయండి.

కూర్చున్నాక ఇంకో పరీక్ష. మడమను పెడల్ మీద పెట్టి కిందికి తొక్కితే కాలు సరిగ్గా తిన్నగా రావాలి. తర్వాత పాదం ముందుభాగంతో తొక్కితే మోకాలు 25 నుంచి 35 డిగ్రీలు వంగి ఉంటుంది. సీటు తక్కువైతే మోకాలి చిప్ప దగ్గర నొప్పి, ఎక్కువైతే మోకాలి వెనక. చీర వద్దు, కుచ్చిళ్లు పెడల్‌లో పడతాయి. చుడీదార్ నయం.

ట్రెడ్‌మిల్_బాబాయ్: 1.09 రోడ్డు మీద రేసులు తొక్కేవాళ్ల లెక్క. ఇంట్లో సీటు బెజ్జాలు అంగుళం ఎడంలో ఉంటాయి, 74 కావాలంటే 73 దొరుకుతుంది, లేదా 76. ఏం చేస్తారు?

ఫిజియో_వరంగల్: 73. మడమ పరీక్ష తేల్చేస్తుంది.

ట్రెడ్‌మిల్_బాబాయ్: తక్కువైతే చిప్ప నొప్పి అని మీరే రాశారు పైన!

ఫిజియో_వరంగల్: ఒక సెంటీమీటర్ తక్కువకు చిప్ప నొప్పి రాదు. 76లో పెడితే కాలు అందక నడుము అటూఇటూ ఊగుతుంది. చదివి వాదించండి.

గుంటూరు_మిర్చి: టేపు పట్టుకెళ్తే షాపువాడు మనల్ని టైలర్ అనుకుంటాడేమో.

కరీంనగర్_రాజన్న: అన్నా, నాకు తెల్వక అడుగుతున్న. అరిగిన బేరింగును ఇంకింత తిప్పితే ఏమైతది? ఇంకింత అరుగుతది. అమ్మకు రెస్టియ్యాలె గని ఈ సైకిల్ ఏంది, ట్రెడ్‌మిల్ ఏంది?

లక్ష్మీ_రాజోలు: బిగింపు సంగతి కూడా రాయండి ఎవరైనా. అమ్మిన కంపెనీ నుంచి బిగించడానికి మనిషి రాడు, ఎడమ పెడల్ మరలు పోయి ఊగుతుంది.

ట్రెడ్‌మిల్_బాబాయ్: ఎడమ పెడల్‌కు మరలు తిరగేసి ఉంటాయమ్మా. కుడిది గడియారం ముల్లు తిరిగే వైపు బిగించాలి, ఎడమది ఎదురు వైపు. తెలియక బలవంతం చేస్తే మరలు కోసుకుపోతాయి. ముందు చేత్తో తిప్పండి, తేలిగ్గా ఎక్కితేనే 15 నంబరు పానాతో గట్టిగా బిగించండి. వారం తొక్కాక మళ్లీ బిగించాలి. పెడల్ ఊగితే పాదం మెలి తిరుగుతుంది, దాంతో మోకాలూ.

ఫిజియో_వరంగల్: ఇంత తెలిసినవారు ట్రెడ్‌మిల్ కొనమనడం దేనికో అర్థమవుతూనే ఉంది. సైకిల్‌కు సర్వీసు పెద్దగా ఉండదు కదా.

ట్రెడ్‌మిల్_బాబాయ్: అదిగో! సర్వీసు చార్జీల కోసం అంటున్నారన్నమాట. నేను ఆయిల్ ఎలా వేసుకోవాలో చెప్పాను, ఎవరినీ పిలవమనలేదు. నా గొడవ అది కాదండీ. మోకాలు నొప్పి అనగానే ఇంట్లో అందరూ కలిసి ఆ మనిషిని కూర్చోబెట్టేస్తారు. బరువు మోపనివ్వరు, మెట్టెక్కనివ్వరు. ఆర్నెల్లకు కుర్చీలోంచి లేవడానికి మనిషి సాయం కావాలి. మీరు చెప్పిన సైకిల్ కూడా కూర్చుని చేసేదే. బరువు మీద నిలబడటం ఎక్కడ నేర్పుతోంది?

కరీంనగర్_రాజన్న: నేను చెప్పిందీ అదే, కూసోవెట్టాలె అని.

ట్రెడ్‌మిల్_బాబాయ్: మీరు చెప్పింది దానికి రివర్సు రాజన్నా!

ఫిజియో_వరంగల్: ముందు రాజన్నగారికి. గుజ్జు బేరింగ్ కాదు, ప్రాణమున్నది. దానికి రక్తనాళాలు లేవు. మోకాలి మీద బరువు పడి, తీసి, పడి, తీసి జరుగుతుంటేనే కీలులోని ద్రవం లోపలికి వెళ్లి పోషిస్తుంది. పూర్తి రెస్టు ఇస్తే గుజ్జు పలచబడుతుంది, తొడకండ కూడా తగ్గుతుంది. మోకాలు వాచి వేడిగా ఉన్నా, మధ్యలో పట్టేసి కదలకపోయినా అప్పుడు ఆపాలి, డాక్టర్‌కు చూపించాలి.

బాబాయ్‌గారూ, బరువు మోపాలన్న మాట నేనెప్పుడు కాదన్నాను? ఏ రోజు నుంచి అన్నదే మన తేడా. నొప్పితో కుంటుతూ నడిచే మనిషిని బెల్టెక్కిస్తే ఆ కుంటునడకే గట్టిపడుతుంది. మొదట సైకిల్, బిగువు దాదాపు లేకుండా, నిమిషానికి 50, 60 తిప్పులు, పూటకు 5 నిమిషాలు, రోజుకు రెండు పూటలు. మూడు నాలుగు రోజులకోసారి ఒక నిమిషం పెంచాలి. బిగువు పెంచి నెమ్మదిగా తొక్కితే చిప్ప మీద భారం పెరుగుతుంది, అలా వద్దు. మర్నాటి పొద్దుటికి నొప్పి మామూలుకు రాకపోయినా, వాపు కనిపించినా వెనక్కి తగ్గాలి.

మీరన్న నిలబడటానికి యంత్రమే అక్కర్లేదు. 20 అంగుళాల ఎత్తు కుర్చీ గోడకు ఆనించి, చేతుల సాయం వీలైనంత తగ్గిస్తూ 8 సార్లు లేచి కూర్చోవాలి, వారానికి మూడు రోజులు. తేలికైతే ఎత్తు తగ్గించాలి. బడ్జెట్ మిగిలితే ఇంట్లో ఇండియన్ టాయిలెట్ ఉన్న చోట కమోడ్ పెట్టించండి. అంత లోతుగా మోకాళ్లు మడవడం తగ్గితే నొప్పి తగ్గడానికి అదీ పనికొస్తుంది.

డల్లాస్_వెంకట్: 78 కిలోలు ముందు తగ్గాలి కదా. ఒక కిలో తగ్గితే ప్రతి అడుగుకూ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని పరిశోధనే ఉంది.

ట్రెడ్‌మిల్_బాబాయ్: కుర్చీ సంగతి మొదటి పోస్టులోనే రాసి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు. అయినా మూడో నెలలో ఆ మనిషి నడవాలి, సైకిల్ దగ్గరే ఆపితే ఒప్పుకోను.

సాయి_నిజాంపేట: అమ్మకు కొలిచాను, 67 వచ్చింది. లెక్క 73. రేపు కూకట్‌పల్లిలో రెండు షాపులు చూస్తాను. వెనక్కి ఆనుకునే రకానికి కూడా ఇదే గుణకమా?

ఫిజియో_వరంగల్: కాదు. దానికి మడమ పరీక్ష ఒక్కటే. అమ్మను వెంట తీసుకెళ్లండి.