సమస్యాపూరణం: ‘కూటమి చెడిపోవఁ గూర్మి పెరిగె’

నిర్వాహకుడు:

ఈ వారం సమస్య ఇదీ:

కూటమి చెడిపోవఁ గూర్మి పెరిగె

ఆటవెలదిలో నాలుగో పాదం. పై మూడూ మీరు రాయాలి. 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాల (గురువు, లఘువు లేదా మూడు లఘువులు) తర్వాత రెండు ఇంద్రగణాలు (కాస్త పెద్దవి), 2, 4 పాదాల్లో ఐదూ సూర్యగణాలే. పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో యతి, అంటే ధ్వని పొంతన. విషయం, పాలకపక్షంలో పొత్తు పెట్టుకున్న పార్టీల మధ్య పేచీలు. కూటమికి ఇంకో అర్థం ఉందని అందరికీ తెలుసు, ఆ శృంగారం దారి మాత్రం ఈసారి వద్దు.

పొత్తు విరిగితే పగ పెరగాలి గదా. మరి కూర్మి ఎందుకు పెరిగింది? ఎవరికి, ఎవరి మీద? ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా పాదాలు నింపితే మార్కులు పడవు.

విశ్రాంత ఉద్యోగి:

శాఖలడిగినపుడు సఖ్యత కరువయ్యె
పదవి పదవి కొక్క పట్టు పట్ట;
వెలుపలుండి నేడు విడిగ మద్దతు నీయ
కూటమి చెడిపోవఁ గూర్మి పెరిగె.

భావం: మంత్రివర్గంలో ఉన్నన్నాళ్లూ శాఖల కోసం కొట్లాట. బయటికి వచ్చి మద్దతు ఇస్తున్నారు కాబట్టి ఇప్పుడు ఏ గొడవా లేదు.

తెలుగు మాస్టారు:

గణాలు, యతులు అన్నీ కుదిరాయి. శా–స యతి చక్కగా పడింది. ఒక్కటే ఇబ్బంది. ‘నీయ’ అన్న వెంటనే ‘చెడిపోవ’ వచ్చింది. రెండూ ఒకే రకం క్రియలు కావడంతో కూర్మికి కారణం మద్దతా, చెడిపోవడమా అన్నది తేలడం లేదు. ‘విడిగ మద్దతు నిచ్చె’ అని అక్కడ వాక్యం ముగించండి. గణం మారదు, అర్థం తేటపడుతుంది.

పాత్రికేయ మిత్రుడు:

పద్యం బాగుందండీ, భావంతోనే నాకు పేచీ. బయటి నుంచి మద్దతు అంటే కూర్మి అని ఎవరన్నారు? 1979లో ప్రధాని చరణ్ సింగ్‌కి కాంగ్రెస్ అలాగే మద్దతు ఇచ్చింది. ఆయన పార్లమెంటు ముఖం చూడకముందే వెనక్కి తీసుకుంది. 1990లో చంద్రశేఖర్‌కీ అదే పార్టీ, అదే పద్ధతి. 1991 మార్చిలో ఆయన రాజీనామా చేశారు. 1997లో అయితే ఒకే ఏడాదిలో ఇద్దరు, ఏప్రిల్‌లో దేవెగౌడ, నవంబరులో గుజ్రాల్. లోపల ఉన్న మిత్రుడు అలిగితే కనీసం తన మంత్రి పదవి పోతుందన్న భయం ఉంటుంది. బయట ఉన్నవాడికి పోయేదేముంది? 2008లో అణు ఒప్పందం మీద వామపక్షాలు తప్పుకున్నప్పుడూ ఇంతే, వాళ్లు వదులుకోవాల్సిన మంత్రి పదవి ఒక్కటీ లేదు.

విశ్రాంత ఉద్యోగి:

మాస్టారు చెప్పిన సవరణ తీసుకున్నాను. మీ చరిత్ర కూడా ఒప్పుకుంటాను గానీ పద్యంలో ‘నేడు’ అన్నాను చూడండి. రేపటి సంగతికి నాది పూచీ కాదు!

నిర్వాహకుడు:

ఆ ‘నేడు’ మిమ్మల్ని గట్టెక్కించింది. తర్వాతి పూరణ రానివ్వండి.

వ్యంగ్య కవి:

అధిపతులకు సభ్యులందరు చుట్టాలె
బస్సు నెక్కువేళ బుజ్జగించి;
విడిది దాటకుండ వేయి కన్నులఁ గాచె
కూటమి చెడిపోవఁ గూర్మి పెరిగె.

క్యాంపు రాజకీయాల మీద రాశాను. 2019 జూలైలో కర్ణాటకలో కాంగ్రెస్–జేడీఎస్ కూటమిని చూశాం కదా. రాజీనామా చేసినవాళ్లు ముంబై హోటల్లో, చేయనివాళ్లు రిసార్టుల్లో. మామూలు రోజుల్లో అపాయింట్‌మెంట్ కూడా ఇవ్వని పెద్దలు ఆ వారం ఎమ్మెల్యేలను టిఫిన్ చేశారా అని అడిగి ఉంటారు.

తెలుగు మాస్టారు:

రెండో పాదంలో యతి తప్పింది. ‘బ’కి ‘బు’ చెల్లదు. హల్లు కలిసింది కానీ అచ్చు కలవలేదు, అకారానికి ఉకారం మైత్రి లేదు. ‘బస్సు నెక్కువేళ పలకరించి’ అనండి. బ–ప యతికి అడ్డులేదు, పైగా పలకరింపే చాలు, బుజ్జగింపు దాకా ఎందుకు? మొదటి పాదంలో అధిపతులు బహువచనం, మూడో పాదంలో ‘కాచె’ ఏకవచనం. అది కూడా చూసుకోండి.

వ్యంగ్య కవి:

‘కాచె’ అన్నది కాపలావాడి గురించి మాస్టారూ. అధిపతులు నిద్రపోయారు.

తెలుగు మాస్టారు:

అది పద్యంలో లేదు నాయనా. మీ మనసులో ఉంది.

పాత్రికేయ మిత్రుడు:

కర్ణాటకలో ఆ కాపలా పనిచేయలేదు, 99–105తో జూలై 23న ప్రభుత్వం పడిపోయింది. మన వైపు 1984 ఆగస్టులో ఎన్టీఆర్ ఎమ్మెల్యేలను కర్ణాటకకు తరలించినప్పుడు మాత్రం పనిచేసింది, ఆయన మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. అయితే అక్కడ చీలింది పార్టీ, కూటమి కాదు. కాబట్టి ఈ సమస్యకు కర్ణాటకే సరైన ఉదాహరణ.

లెక్కల మాస్టారు:

ఒక్క యోటు తోడ నోడెను వాజపే
యి సభలోన; జనుల యెదలు కరిగె;
అదను వచ్చినంత నాదరించిరి మెచ్చి
కూటమి చెడిపోవఁ గూర్మి పెరిగె.

1999 ఏప్రిల్ 17. అన్నాడీఎంకే మద్దతు తీసేసింది, 269–270తో ప్రభుత్వం పడిపోయింది. అదే ఏడాది ఎన్నికల్లో ఆయనే గెలిచి వచ్చారు.

తెలుగు మాస్టారు:

‘వాజపే’ దగ్గర పాదం విరిచి తర్వాతి పాదాన్ని ‘యి’తో ఎత్తుకోవడం, దానికి ‘యెదలు’ యతిగా కుదరడం బాగా నచ్చింది. పేరును ఇలా విరవకూడదని కొందరు అంటారు. పద్యంలో పదం పాదం దాటి పారవచ్చు, పేరుకు వేరే నియమం లేదు. ఇక్కడ విరుపు అందమే తెచ్చింది, సభలో ఆయన మాట కూడా అలాగే ఆగి ఆగి సాగేది.

పాత్రికేయ మిత్రుడు:

నేను మళ్లీ అడ్డుపడుతున్నాను, క్షమించండి. జనుల యెదలు నిజంగా కరిగాయా? బీజేపీకి 1998లో వచ్చినవి 182, 1999లో వచ్చినవీ 182. ఒక్క సీటు పెరగలేదు. పెరిగింది పక్కన ఉన్నవాళ్లు. అన్నాడీఎంకే వెళ్లిపోయిన చోటికి డీఎంకే వచ్చింది. తెలుగుదేశం 12 నుంచి 29కి చేరింది. ఒక మిత్రుడు అలిగి వెళ్తే అతని ఊరి ప్రత్యర్థి వచ్చి కూర్చున్నాడు. కూర్మి అక్కడ పెరిగింది, మీరు దాన్ని జనుల ఖాతాలో వేశారు.

లెక్కల మాస్టారు:

ఆ 29 సీట్లు ఆకాశం నుంచి ఊడిపడ్డాయా? జనం ఓట్లేగా! లెక్క మీరు సగంలో ఆపారు.

నిర్వాహకుడు:

ఇద్దరి లెక్కా ఉంచుదాం. కవి ఒక ప్రధానిని ఎంచుకున్నాడు, ఆయన మీద సానుభూతి ఉందన్నాడు, అంత వెసులుబాటు ఇస్తాను. కానీ సమస్యలోని ‘కూర్మి’కి మిత్రుడి కొమ్మ మీదకు ప్రత్యర్థి దూకడమే ఎక్కువ నప్పుతుందని నాకూ అనిపిస్తోంది. అది ఎవరైనా పద్యంగా రాస్తారా?

కొత్త సభ్యురాలు:

అయ్యా, నమస్కారం. ఇది నా మొదటి పూరణ. తప్పులుంటే చెప్పండి.

అన్నదమ్ములుండి రధికార పక్షాన
చెరొక జెండా పట్టి చేసిరలుక;
అమ్మ పెట్టినట్టి యన్నమ్ము తిన రాగ
కూటమి చెడిపోవఁ గూర్మి పెరిగె.

తెలుగు మాస్టారు:

అమ్మా, మొదటి పూరణ అంటే నమ్మలేను. ‘జెండా’లో రెండూ గురువులే (బరువు అక్షరాలే), సూర్యగణం కాదు. ‘చెరొక గుర్తు పట్టి’ అనండి, సరిపోతుంది. ఎన్నికల గుర్తు కూడా ధ్వనిస్తుంది. భావంలో రాజకీయం కొంచెం పలచబడింది, అయినా ఇంటి గొడవకు, ప్రభుత్వం గొడవకు ముడివేసిన తీరు ముచ్చటగా ఉంది.

పద్యపిపాసి:

నిర్వాహకులు అడిగినదానికి నా ప్రయత్నం:

నిన్న తిట్టినట్టి నేతలే యీనాడు
హారతెత్తి పిలిచి రాదరమున
పాత జట్టు వీడి బయటికి రాగానె
కూటమి చెడిపోవఁ గూర్మి పెరిగె.

తెలుగు మాస్టారు:

ఈ వారానికి ఇదే మేలైనదని నా మాట. ‘హారతెత్తి’కి ‘ఆదరమున’ స్వరంతో యతి, అకారానికి హకారం చెల్లుతుంది. అయితే మూడో పాదం, నాలుగో పాదం ఒకే సంగతి చెబుతున్నాయి. జట్టు వీడడమూ కూటమి చెడడమూ ఒకటే కదా. పునరుక్తి. ఆ చోట కారణం చెబితే పద్యం నిలబడుతుంది:

గద్దెకెక్కు లెక్క కలిసి రాగలదని

పద్యపిపాసి:

అమ్మో, మాస్టారూ! ఇప్పుడు హారతి ఎందుకో తెలిసిపోతోంది. మార్చేశాను.

పాత్రికేయ మిత్రుడు:

దీనికి నేను అడ్డుపడను, సాక్ష్యం చెబుతాను. చంద్రబాబు అప్పట్లో యునైటెడ్ ఫ్రంట్ (దేవెగౌడ, గుజ్రాల్ ప్రభుత్వాల కూటమి) కన్వీనరు. 1998 మార్చి నాటికి ఆ ఫ్రంట్ కథ ముగిసింది. తెలుగుదేశం వాజపేయికి మద్దతు ఇచ్చింది, ఆ పార్టీ ఎంపీ బాలయోగి లోక్‌సభ స్పీకరు అయ్యారు. మంత్రి పదవి ఒక్కటీ తీసుకోలేదు. నిన్నటిదాకా ఎదుటి బల్ల మీద కూర్చున్న పార్టీకి సభలో అన్నిటికన్నా ఎత్తయిన కుర్చీ ఇచ్చారంటే, హారతి కాక ఏమిటి?

లెక్కల మాస్టారు:

జర్మనీ కూడా ఈ పద్యానికి సరిపోతుంది. 1982లో ఎఫ్‌డీపీ అనే చిన్న పార్టీ ఛాన్సలర్ (అక్కడి ప్రభుత్వాధినేత) ష్మిత్‌ను వదిలి ప్రతిపక్ష నేత కోల్ వైపు వెళ్లింది, అక్టోబరు 1న కోల్ ఛాన్సలర్ అయ్యారు. అక్కడి రాజ్యాంగంలో ఒక షరతు ఉంది. ఉన్నవాణ్ని దించాలంటే అదే ఓటుతో తర్వాతి ఛాన్సలర్‌ను ఎన్నుకోవాలి. అంటే హారతి ముందే సిద్ధం చేసుకోవాలి. మనకు ఆ షరతు లేదు, అందుకే 1999లో దించినవాళ్లు తర్వాత ఎవరన్నది తేల్చుకోలేకపోయారు.

వ్యంగ్య కవి:

మన దగ్గర ఆ షరతు పెడితే నా బస్సుల పద్యానికి పనే ఉండదు.

నిర్వాహకుడు:

పద్యపిపాసిగారి పూరణకు మాస్టారి సవరణతో మొదటి స్థానం. లెక్కల మాస్టారి ‘వాజపే/యి’ విరుపు వల్ల ఆయనకు రెండోది. కొత్త సభ్యురాలికి ప్రోత్సాహక ప్రశంస, వచ్చే వారం తప్పక రావాలమ్మా.

వచ్చే వారం సమస్య, మళ్లీ ఆటవెలది నాలుగో పాదమే:

పదవి లేనివాని పంట పండె

2003లో 91వ రాజ్యాంగ సవరణతో మంత్రుల సంఖ్య సభలో 15 శాతానికి మించకూడదన్నారు. మిత్రపక్షాలన్నిటికీ శాఖలు సరిపోవడం లేదు. మిగిలిపోయినవాడి పంట ఎలా పండిందో చెప్పండి.

వ్యంగ్య కవి:

కార్పొరేషన్ చైర్మన్ పదవి ఇవ్వవచ్చా అండీ?

నిర్వాహకుడు:

కుదరదు. ఏ పదవీ ఉండకూడదు, సలహాదారు కూడా.