మోకాలి ఆపరేషన్ అయినాక ఆటగాళ్ళను మళ్ళీ నిలబెట్టే చదువు చదవాలనుంది, ఫిజియోథెరపీ డిగ్రీ బీపీటీనా, వేరే డిగ్రీ ఉందా?

రైడర్ పాప, తాడిపత్రి:

అందరికీ నమస్తే. మాది తాడిపత్రి పక్కన పల్లె, ఇంటర్ సెకండియర్ బైపీసీ. ఎనిమిదో క్లాసు నుంచి కబడ్డీ ఆడుతున్నా, రైడర్‌ని. మొన్న జూన్‌లో ప్రాక్టీసులో బోనస్ గీత తాకి వెనక్కి తిరగబోతే పాదం మట్టిలో ఇరుక్కుని ఒళ్ళు మాత్రం తిరిగింది, మోకాలు లోపల టప్ మని శబ్దం, పట్టుకోను వచ్చిన అమ్మాయికి కూడా వినపడిందంట. మోకాలి లోపల ఎముకలను కట్టి పట్టే ఏసీఎల్ అనే లిగమెంట్ తెగిందన్నారు, జులై ఆఖర్లో ఆపరేషన్ అయింది. డిశ్చార్జి చేసేటప్పుడు ఎక్సర్‌సైజు బొమ్మలున్న ఒక కాగితం చేతిలో పెట్టి ఇవి చేసుకో అన్నారు అంతే. ఎట్ల చేయాల, నొప్పి వస్తే ఆపాల్నా చేయాల్నా ఎవరూ చెప్పలేదు. భయంతో మోకాలి కింద దిండు పెట్టుకుని మూడు వారాలు పడుకున్నా. ఆ తర్వాత కాలు పూర్తిగా చాపలేకపోయినా.

అప్పుడు మా పీఈటీ మేడం అనంతపురంలో ఒక ఫిజియో అక్క దగ్గరికి తోలుకపోయింది. ఆ అక్క ఫస్ట్ చేసిన పని ఆ దిండు తీసేయమని చెప్పడం. మడమ కింద టవల్ చుట్టి పెట్టి, తొడ బిగించమని, బిగుస్తోందా లేదా అని నా చేయి నాకే తొడ మీద పెట్టి చూపించింది. బిగియలేదు, నా తొడ నా మాట వినలేదు, ఏడ్చేసినా. పది రోజుల తర్వాత బిగిసింది. ఆ రోజే అనుకున్నా, నేను చదివితే ఇదే చదవాలని.

ఇప్పుడు నా డౌట్లు. స్పోర్ట్స్ ఇంజ్యురీ రిహాబిలిటేషన్ అని సపరేటు డిగ్రీ ఉందని, ఇంగ్లండ్‌లో చదువుతారని యూట్యూబ్‌లో చూసినా, మన దగ్గర ఉందా? లేదంటే బీపీటీనే చేయాల్నా? ఇంగ్లీషు మీడియం నాకు కష్టం, తట్టుకోగలనా? అన్నిటికంటే పెద్దది మా నాయన. కాళ్ళు పిసికే పనికి అన్నేళ్ళ చదువు యాందుకు, ఎముక విరిగితే పుత్తూరు కట్టు ఉండనే ఉంది గదా అంటున్నాడు. ఆయనకు ఎట్ల చెప్పాల? కొంచెం వివరంగా చెప్పండి ప్లీజ్.

బురుజు ఫిజియో, కర్నూలు:

చెల్లీ, నేను బీపీటీ చేసి తర్వాత దాని పీజీ, ఎంపీటీ స్పోర్ట్స్ చేసినా, కర్నూలులోనే ప్రాక్టీసు. నీ పోస్టు రెండుసార్లు చదివినా. తొడ బిగియలేదని ఏడ్చినా అన్నావు చూడు, అది నీ తప్పు కాదు. మోకాల్లో వాపు ఉంటే నరాలే ఆ కండరాన్ని ఆపి పెడతాయి, ఎంత గట్టిమనిషికైనా అంతే. ఇది నీకు అప్పుడే ఎవరైనా చెప్పింటే అంత భయపడేదానివి కాదు.

డిగ్రీ సంగతి. నువ్వు చూసింది నిజమే, బ్రిటన్‌లో స్పోర్ట్స్ రిహాబిలిటేషన్ అని మూడేళ్ళ బీఎస్సీ ఉంది, శాల్‌ఫర్డ్ లాంటి యూనివర్సిటీల్లో చెప్తారు, అది చదివినోళ్ళు బాస్రాట్ అనే సంఘంలో రిజిస్టర్ అవుతారు. కానీ అక్కడ ఫిజియోథెరపిస్ట్ అనే పేరుకు చట్టం ఉంది, హెచ్‌సీపీసీ అనే నియంత్రణ సంస్థలో రిజిస్టర్ అయినోళ్ళే ఆ పేరు పెట్టుకోవాల. అంటే అక్కడే ఈ రెండూ వేరువేరు ఉద్యోగాలు. లక్షలు పోసి ఆ డిగ్రీ తెచ్చుకుని ఇక్కడికొచ్చి నేను ఫిజియోని అంటే కుదరదు. మన దగ్గర దారి బీపీటీ, ఆ తర్వాత రెండేళ్ళ ఎంపీటీలో స్పోర్ట్స్ తీసుకోవడం. మేము చదివినప్పుడు బీపీటీ నాలుగేళ్ళు ప్లస్ ఆరు నెలల ఇంటర్న్‌షిప్, ఇప్పుడు కొత్త కరికులంలో ఇంటర్న్‌షిప్ ఏడాదితో కలిపి అయిదేళ్ళు చేసినారు. 2021లో అలైడ్ హెల్త్ వృత్తులకు కేంద్రం చట్టం తెచ్చింది, ఫిజియోథెరపీ అందులో ఉంది, కాబట్టి మీ నాయన అనుకున్నట్ల పిసికే పని కాదు ఇది, చట్టంలో రాసిన ఆరోగ్య వృత్తి.

ఒక జాగ్రత్త. బీఎస్సీ స్పోర్ట్స్ అండ్ ఎక్సర్‌సైజ్ సైన్స్ అని కూడా కోర్సులు ఉన్నాయి, చెన్నై శ్రీరామచంద్రలో స్పోర్ట్స్ సైన్స్ సెంటరే ఉంది, మంచి చదువే, ట్రైనింగు, ఫిట్‌నెస్ వైపు పోవాలనుకుంటే. కానీ దెబ్బ తగిలినోడిని చేత్తో పట్టి చూసి వైద్యం చేసే హక్కు దాంతో రాదు. పేరులో స్పోర్ట్స్ అని ఉందని చేరిపోయి మూడేళ్ళ తర్వాత నా దగ్గరికొచ్చి ఇప్పుడేం చేయాలన్నా అని అడిగినోళ్ళు ఇద్దరున్నారు. నాకు నిజంగా బాధేసింది.

ఇంకోటి, బీపీటీ ఫస్టియర్‌లో గ్రౌండు కనపడదు. అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ. తర్వాత ఎక్సర్‌సైజ్ థెరపీ, ఎలక్ట్రోథెరపీ, ఆ తర్వాత ఆర్థో, న్యూరో, గుండె ఊపిరితిత్తులు. నాకు పక్షవాతం వార్డులో డ్యూటీ వేసినప్పుడు నేను ఆటగాళ్ళ కోసం వచ్చినా ఇదేందిరా అనుకున్నా. ఆళ్ళగడ్డ దిక్కు ఒక పెద్దాయన, కుడి చెయ్యి పడిపోయింది, గ్లాసు ఎత్తడానికి ఆయనకు రెండు నెలలు పట్టింది. రోజూ అదే గ్లాసు అదే టేబులు. నరం కండరానికి ఎట్ల చెప్తాదో నేను ఆయన దగ్గర నేర్చుకున్నదే, ఇప్పుడు నీలాంటి వాళ్ళ తొడ బిగియకపోతే అదే వాడుతున్నా. కాబట్టి స్పోర్ట్స్ తప్ప వేరేది వద్దు అని పోవద్దు.

పీఈటీ సారు, కడప:

తల్లీ, నేను ఫిజియోను కాను, ఇరవై ఏళ్ళుగా పిల్లోళ్ళను గ్రౌండులో ఆడిస్తున్నా. ఈ చదువు ఎందుకు కావాల్నో నేను చెప్తా, మీ నాయనకు చదివి వినిపించు.

మన సీమలో ఆట తక్కువేం లేదు. అనంతపురంలో ఆర్‌డీటీ అనే సేవా సంస్థ గ్రౌండులో 2024లో దులీప్ ట్రోఫీనే ఆడినారు, అక్కడే 2010 నుంచి నాదల్ టెన్నిస్ స్కూలు ఉంది. కడపలో స్పోర్ట్స్ స్కూలు ఉంది. మా జిల్లా పల్లె నుంచి పోయిన శ్రీ చరణి 2025లో మహిళల క్రికెట్ వరల్డ్ కప్ గెలిచిన టీంలో ఆడింది. ఆ కప్పులోనే సెమీస్‌కు ముందు ప్రతీక రావల్ చీలమండ మడత పడి బయటికి పోవాల్సి వచ్చింది, కానీ ఆమెను నిమిషాల్లో చూసేదానికి మనుషులున్నారు. మన మండల టోర్నమెంట్లో పిల్లకు అదే జరిగితే ఎవరున్నారు? నేనున్నా, నా చేతిలో ఒక ఐస్ గడ్డ, స్ప్రే డబ్బా.

నేను చేసిన తప్పొకటి చెప్తా. చాలా ఏళ్ళ కింద ఒక పిల్లోడికి మోకాలు వాచింది, ఫైనల్ ఆడాలని పక్కూర్లో ఎవరో సూది వేస్తారంటే నేనే బండి మీద తీసుకపోయినా. సూది పడినాక నొప్పి తెలీలేదు, ఆడినాడు, గెలిచినాం. ఆ తర్వాత వాడు మళ్ళీ సరిగ్గా ఉరకలేదు. నొప్పి అంటే ఒళ్ళు పెట్టే కేక, దాన్ని మూసేసి ఆడించినా నేను. మొన్న ఒక క్యాంపులో ఒక ఫిజియో చెప్తే తెలిసింది, అట్లాంటి స్టెరాయిడ్ సూది ఏ రకంగా వేసినా 2022 నుంచి పోటీ జరిగేటప్పుడు డోపింగ్ కిందికే వస్తాదంట. అంటే పిల్లోడి కాలూ పోతాది, పేరూ పోతాది. నాకది అప్పుడు చెప్పేవాళ్ళు ఊర్లో ఒక్కరు లేరు.

అదే క్యాంపులో చీలమండకు ఒక లెక్క నేర్పించినారు. అటూ ఇటూ గుబ్బ ఎముకల వెనక అంచు మీద నొక్కితే నొప్పి ఉంటే, లేదా పాదం మధ్యలో బయటి అంచున గానీ లోపలి అంచున గానీ ఎముక నొక్కితే నొప్పి ఉంటే, లేదా నాలుగడుగులు వేయలేకపోతే ఎక్స్‌రేకి పంపాల. ఇవేవీ లేకపోతే ఎముక విరిగి ఉండే అవకాశం చాలా తక్కువ. ఇంత చిన్న విషయం ఇన్నేళ్ళకు తెలిసింది నాకు. నువ్వు చదువు తల్లీ. చదివి మా దిక్కు రా.

థర్డియర్ అమ్మాయి, ఆదోని:

హాయ్ చెల్లీ, నేను బీపీటీ థర్డియర్, సొంతూరు ఆదోని, టెన్త్ దాకా తెలుగు మీడియమే. ఇంగ్లీషు గురించి అడిగినావు కదా, ఫస్టియర్ మొదటి రెండు నెలలు క్లాసులో ఏం చెప్తున్నారో అర్థం కాక రాత్రి హాస్టల్ మేడ మీద కూర్చుని ఏడ్చేదాన్ని. తర్వాత ఒక పద్ధతి పట్టుకున్నా, ప్రతి కండరం పేరూ నా ఒంటి మీదే చేయి పెట్టి చెప్పుకోవడం, ఎక్కడ పుడుతుంది, ఎక్కడ అతుక్కుంటుంది, ఏం చేస్తుంది అని. మా అమ్మ ఫోన్ చేస్తే ఆమెకు తెలుగులో చెప్పేదాన్ని, అమ్మకు అర్థమైతే నాకు వచ్చినట్టు. ఇప్పుడు వార్డులో పేషెంట్లతో తెలుగులో మాట్లాడాలి కదా, అక్కడ నేనే ముందుంటున్నా, ఇంగ్లీషు మీడియం వాళ్ళు మోకాలి చిప్ప అనే మాట కోసం వెతుక్కుంటారు.

కాలేజీ మాత్రం బిల్డింగు చూసి చేరొద్దు. సొంత హాస్పిటల్ ఉందా, ఫిజియో ఓపీకి రోజుకు ఎంతమంది వస్తారు, హెల్త్ యూనివర్సిటీ అఫిలియేషన్ ఉందా, ఇంటర్న్‌షిప్ ఎక్కడ వేస్తారు, ఈ నాలుగూ అడుగు. వీలైతే ఒక రోజు పొద్దున పది గంటలకు పోయి ఓపీలో నిలబడు, బెడ్లు ఖాళీగా ఉంటే వచ్చేయ్. పేషెంటు లేని కాలేజీలో ఫిజియోథెరపీ నేర్చుకోలేం. తిరుపతి స్విమ్స్‌లో బీపీటీ ఉంది, హైదరాబాద్ నిమ్స్‌లో బీపీటీ, ఎంపీటీ రెండూ ఉన్నాయి, సీట్లు తక్కువ కాబట్టి మార్కులు గట్టిగా తెచ్చుకో. అడ్మిషన్ రూల్సు మారుతూ ఉన్నాయి, ఏ పరీక్ష, ఏ తేదీ అనేది ఆ ఏడాది నోటిఫికేషన్‌లో నువ్వే చదువుకో, మా బ్యాచ్‌లో సీనియర్ల మాట విని ఒక అమ్మాయి డేట్ మిస్ అయింది.

రైడర్ పాప, తాడిపత్రి:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. సార్ రాసింది మా నాయనకు చదివి వినిపించినా. సూది సంగతి వచ్చినప్పుడు ఏం మాట్లాడలేదు, లేచి పోయి ఎనుములకు నీళ్ళు పెట్టి వచ్చి, ఆ కర్నూలాయన ఫీజెంత అని అడిగినాడు. అంటే ఒప్పుకున్నట్లే అనుకుంటున్నా.

ఇంకో మాట అడగాల. సంక్రాంతికి మా ఊర్లో టోర్నమెంటు ఉంది, టీంలో ఒకరు తక్కువ. అప్పటికి ఆపరేషన్ అయి అయిదున్నర నెలలు అయితాది. ఇప్పుడు నొప్పి అస్సలు లేదు, వాపు లేదు, చిన్నగా ఉరుకుతున్నా కూడా. ఒక్క మ్యాచ్ ఆడొచ్చా అన్నా?

బురుజు ఫిజియో, కర్నూలు:

వద్దు. ఒక్క రైడ్ కూడా వద్దు.

ఎందుకో వివరంగా చెప్తా, ఎందుకంటే రేపు ఇదే మాట నువ్వు ఇంకొకరికి చెప్పాల. నీకు కొత్తగా పెట్టింది లిగమెంట్ కాదు, వేరే చోట నుంచి తీసిన స్నాయువు, అంటే కండరాన్ని ఎముకకు కట్టే తాడు. అది ఎముకలో కుదురుకుని, రక్తం పట్టి, నిదానంగా లిగమెంట్ మాదిరి మారాల. ఆ మారే కాలంలో దానికి నొప్పి ఉండదు కానీ పూర్తి బలమూ ఉండదు. నొప్పి లేదు కాబట్టి బాగైంది అనుకోవడమే అందరూ చేసే తప్పు. 2016లో నార్వే, అమెరికా వాళ్ళు కలిసి చేసిన స్టడీ ఒకటి ఉంది, ఆపరేషన్ తర్వాత తొమ్మిది నెలల దాకా ఆటకు పోకుండా ఆగిన ఒక్కో నెలకూ మోకాలు మళ్ళీ దెబ్బ తినే ప్రమాదం దాదాపు సగం సగం తగ్గుతూ వచ్చిందని తేలింది. నీ వయసు అమ్మాయిలకు ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. కబడ్డీలో అయితే కాలు పట్టి లాగుతారు, అది నీకు చెప్పాల్సిన పనిలేదు.

తొమ్మిది నెలలు అయినంత మాత్రాన కూడా సరిపోదు. తొడ బలం బాగున్న కాలితో పోలిస్తే కనీసం తొంభై శాతం రావాల, ఒంటి కాలి మీద ఎగిరి దూకే టెస్టుల్లోనూ అంతే రావాల, దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలకూడదు. రిషబ్ పంత్‌కు 2022 డిసెంబర్ 30న యాక్సిడెంట్ అయితే మళ్ళీ బ్యాటు పట్టి ఐపీఎల్‌కు వచ్చింది 2024 మార్చిలో. బోర్డు మొత్తం వెనకాల ఉన్నోడే అంతకాలం ఆగినాడు.

టీంలో తక్కువ అన్నావు కదా, ఆ రోజు గ్రౌండుకు పో, కానీ గీత బయట కూర్చో. ఎవరు ఎట్ల పడుతున్నారు, పడినాక ఏ కాలు మీద లేస్తున్నారు, అలిసిపోయినాక దిగేటప్పుడు మోకాలు ఎటు పోతోంది, ఒక నోట్సులో రాసుకో. దుమ్ములో నువ్వు చూసేది నీకు ఎంపీటీలో పనికొస్తాది.

ఫీజు సంగతి మీ నాయనతో నేనే మాట్లాడతా, ఆయనను కూడా తోలుకరా. పండగ అయినాక ఏ శనివారమైనా పొద్దున రా, ఆపరేషన్ కాగితాలు, ఎమ్మారై సీడీ తెచ్చుకో, షార్ట్సు వేసుకో, రెండు తొడలూ టేపు పెట్టి కొలుస్తాం. టేపు నీ చేతికే ఇస్తా, నువ్వే కొలిచి రాసుకుందువు.

పీఈటీ సారు, కడప:

ఆయన చెప్పినట్టు చెయ్యి తల్లీ. ఆ రోజు గీత బయట నీ పక్కన ఐస్ డబ్బా కూడా పెట్టుకో. మీ పీఈటీ మేడం నంబరు నాకు మెసేజ్ పెట్టు, చీలమండ లెక్క ఆమెకు కూడా చెప్తా.