పెళ్లి స్టేజీ మీద నిలబడి వాయిస్తుంటే చేతిలో గమకం (స్వరాన్ని ఊపి పలికించడం) పోతోంది. మీరెలా చూసుకుంటున్నారు?

కమాను_హన్మకొండ:
అందరికీ నమస్తే. నేను వయొలిన్‌లో ఎం.ఏ. రెండో ఏడాది చదువుతున్నాను. నాలుగేళ్ల సర్టిఫికెట్, రెండేళ్ల డిప్లొమా వరంగల్‌లోనే అయ్యాయి. ఇప్పుడు చదువు హైదరాబాద్‌లో. సోమవారం తెల్లవారుజామున హన్మకొండలో ఎక్స్‌ప్రెస్ బస్సెక్కి ఉప్పల్‌లో దిగుతాను, శుక్రవారం రాత్రికి ఇంటికి వస్తాను. మహాలక్ష్మి పథకం వచ్చాక ఆడవాళ్లకు ఎక్స్‌ప్రెస్‌లో టికెట్ లేదు కాబట్టి ఆ ఖర్చు తగ్గింది. సీటు దొరికినా దొరకకపోయినా వయొలిన్ పెట్టె మాత్రం నా చేతిలోనే ఉంటుంది.

శని, ఆదివారాలు రిసెప్షన్లు. కీబోర్డు, ప్యాడ్స్, ఫ్లూటు, నేను. హాస్టల్ ఫీజు ఆ డబ్బుతోనే కడుతున్నాను. ఈవెంట్ వాళ్లు నిలబడే వాయించమంటారు, కూర్చుంటే ఫొటోల్లో కనిపించరని. నేను నేర్చుకున్నదంతా కింద కూర్చుని, వయొలిన్ తల కుడి కాలి మడమ మీద ఆనించి వాయించడమే. నిలబడితే గడ్డం కింద పట్టుకోవాలి, సగం బరువు ఎడమ చెయ్యే మోస్తుంది. జారు (వేలిని తీగ మీద జార్చడం) వేద్దామంటే చెయ్యి కదలదు.

మొన్న క్లాసులో తోడి రాగం ఆలాపన వాయిస్తుంటే మా గురువుగారు ఆపేశారు. "గాంధారం ఊగట్లేదమ్మా, ఒకచోట నిలబడిపోతోంది" అన్నారు. గాంధారమంటే గ స్వరం. అప్పటి నుంచి మనసు మనసులో లేదు. పరీక్షకు మూడు నెలలే ఉంది, రాగం తానం పల్లవి (కచేరీలో మనోధర్మంతో విస్తరించే పెద్ద అంశం) వాయించాలి. పెళ్లిళ్లు మానేస్తే ఫీజు కట్టలేను, మానకపోతే చెయ్యి పాడవుతుందని టెన్షన్. ఇది దాటి వచ్చినవాళ్లు చెప్పండి.

మంచిర్యాల_శ్రోత:
నా మాట కటువుగా అనిపించినా అనుకోవద్దు చెల్లె. పరీక్ష అయ్యేదాకా సినిమా పాటలు మానేయండి. మా అమ్మాయి విషయంలో చూశాను. ఏడాదిపాటు కీబోర్డు పక్కన వాయించాక, కీబోర్డు స్వరం ఎక్కడ ఆగితే తన వేలూ అక్కడే ఆగడం మొదలైంది. దాన్ని సరిచేయడానికి ఇంకో ఏడాది పట్టింది. పిల్లలకు ట్యూషన్ చెప్పుకుంటే సరళీ స్వరాలు, జంట స్వరాలు రోజూ మీ చెవిన పడతాయి.

కరీంనగర్_తీగలు:
ట్యూషన్ గురించి నా అనుభవం చెబుతాను, పదకొండేళ్లుగా చెబుతున్నాను. డబ్బు నెలనెలా వస్తుంది, నిజమే. కానీ ఫిబ్రవరి, మార్చిలో స్కూలు పరీక్షలని సగం మంది మానేస్తారు. ఎండాకాలం సెలవుల్లో ఒక్కసారిగా ముప్పై మంది వస్తారు, జూన్‌లో ఆరుగురు మిగులుతారు. అమెరికాలో ఉన్న మన పిల్లలకు పొద్దున ఐదింటికి ఆన్‌లైన్ క్లాసులు పెట్టాను. అక్కడ ఇంకో కష్టం. ఫోన్ కమాను (వయొలిన్ వాయించే విల్లు) శబ్దాన్ని మింగేస్తుంది, అనుస్వరం (గమకంలో పక్కనుంచి తగిలే చిన్న స్వరం) అసలు వినపడదు. తెల్లవారుజాము సాధన కూడా వాటికే పోయింది. కాబట్టి ట్యూషన్లతో చెయ్యి బాగుపడుతుందని అనుకోకండి. చెప్పే గంట వేరు, మన సాధన గంట వేరు. రెండోది ఎవరికీ ఇవ్వకూడదు.

కాజీపేట_పాత_వయొలిన్:
చెల్లె, ఇరవై రెండేళ్లుగా కచేరీలకు పక్కవాద్యం వాయిస్తున్నాను. మీ వయసులో బ్యాండ్‌లోనూ వాయించాను. మీ గురువుగారు పట్టుకున్నది సరిగ్గా పట్టుకున్నారు. అయితే తప్పు సినిమా పాటది కాదు, పట్టుదే.

వయొలిన్ మనకు బయటి నుంచే వచ్చింది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు (1786–1858) మద్రాసు దగ్గర మణలిలో ఉన్నప్పుడు ఒక యూరోపియన్ దగ్గర నేర్చుకుని కర్ణాటక సంగీతానికి తెచ్చారు. మనవాళ్లు వాద్యాన్ని అలాగే ఉంచి కూర్చునే తీరు మార్చారు, తీగలను స ప స ప అని శృతి చేశారు. ఛాతీకీ మడమకూ మధ్య వాద్యం కదలకుండా నిలుస్తుంది కాబట్టే ఎడమ చెయ్యి తీగ పొడవునా పరుగెత్తగలదు. తోడి గాంధారానికి ఆ స్వేచ్ఛ కావాలి. అది తీసేసి గమకం రమ్మంటే ఎలా వస్తుంది?

నేను చేసిన పని ఏంటంటే, రెండు వయొలిన్లు పెట్టుకున్నాను. రెండోది పాతది, తక్కువ ధరలో కొన్నాను. అది పెళ్లిళ్లకు మాత్రమే, దాని మీద ఎప్పుడూ సాధన చేయలేదు. ఇంట్లో ఉన్నదాన్ని నిలబడి ముట్టుకోలేదు. చేతికి రెండు వాద్యాలు రెండు పనులుగా గుర్తుంటాయి. ఇంకో లాభమూ ఉంది. పాడేవారి గొంతును బట్టి శృతి మారుతుంది కదా, మగవారికి ఒకటిన్నర శృతి, మర్నాడు ఆడవారికి ఐదున్నర అంటే ఒకే వయొలిన్‌ను అంత పైకి లాగాలి, మొదటి తీగ తెగుతుంది. ఒకసారి కచేరీ మొదలయ్యే ముందే తెగి, పాడేవారు పది నిమిషాలు నాకోసం ఆగారు. ఆ రోజు ఇప్పటికీ మర్చిపోలేను.

రెండోది కొనలేకపోతే, రిసెప్షన్ నుంచి ఎంత రాత్రి వచ్చినా పడుకునే ముందు కూర్చుని పావుగంట వాయించండి. వేళ్లకు కాస్త కొబ్బరినూనె రాసుకుని, ఒక్క స్వరం మీదే, పొడుగు కమానుతో. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి (1893–1964) రికార్డులు వినండి, కమాను చివరిదాకా నాదం ఎలా నిలిచిందో గమనించండి.

మృదంగం_వరంగల్:
పైన చెప్పినవన్నీ మంచివే. నాది చిన్న విషయం. స్టేజీ మీద స్పీకర్ల హోరులో శృతి వినపడదు, అందుకే చెవి కీబోర్డుకు అంటుకుపోతుంది. ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఫోన్‌లో తంబూరా పెట్టుకోండి. మా వయొలిన్ అన్న అలాగే చేస్తాడు.

ఇంకోటి. ఈ ఎండల్లో కారు డిక్కీలో పెట్టె వదలకండి, అతుకు ఊడుతుంది. బిరడాలు (తీగలు బిగించే చెక్క మరలు) ఎండిపోయి జారుతుంటే చాక్‌పీస్ రుద్దండి. వానాకాలంలో అవే ఉబ్బి బిగుసుకుంటాయి, అప్పుడు పెన్సిల్ ములుకు రాయండి.

మంచిర్యాల_శ్రోత:
కాజీపేట అన్న చెప్పింది చదివాక, మా అమ్మాయి ఎప్పుడూ ఒకే వయొలిన్ వాడేదని గుర్తొచ్చింది. పూర్తిగా మానేయమన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

కమాను_హన్మకొండ:
వారం తర్వాత రాస్తున్నాను. రెండో వయొలిన్ ఇప్పుడు కొనలేను. కానీ నిన్న నర్సంపేట రిసెప్షన్‌లో, కూర్చుని వాయిస్తాను, ఎత్తు గద్దె ఒకటి వేయించండి అని ధైర్యం చేసి అడిగాను. ఈవెంట్ ఆయన ఒప్పుకోలేదు. పెళ్లికూతురి నాయనమ్మ విని, "ఆ బిడ్డ కూసుంటే మీకేం పోయింది" అని రెండు బల్లలు కలిపి తెల్లగుడ్డ పరిపించింది. మూడు గంటలు కూర్చునే వాయించాను, తంబూరా చెవిలో పెట్టుకుని. ఇంటికొచ్చి తోడి తీశాను. గాంధారం ఇంకా పూర్తిగా రాలేదు, కానీ ఊగింది.

ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, నెల రోజులు డబ్బు రాదు. ఆ నెలంతా సాధనకే పెడదామనుకుంటున్నాను.

కాజీపేట_పాత_వయొలిన్:
నాకూ ఆషాఢం ఖాళీయే. ఆదివారాలు పొద్దున ఆరింటికి మా ఇంటికి రండి, మా ఆవిడ కూడా పాడుతుంది. భైరవి రాగంలో అటతాళ వర్ణం మూడు కాలాలతో (మూడు వేగాల్లో) మొదలుపెడదాం, ఆ తర్వాత మీ పల్లవి. నా రెండో వయొలిన్ పరీక్ష అయ్యేదాకా మీ దగ్గర ఉంచుకోండి.

మృదంగం_వరంగల్:
పల్లవికి తాళం వేసేవాళ్లు కావాలి కదా, నేనూ వస్తాను. ఏ శృతికి తేవాలో చెప్పండి.

కమాను_హన్మకొండ:
రెండున్నర.