కడుఁ గఠోరంబైన... కర్పరమా, ఖర్పరమా?

పెన్సిల్‌ముక్క: తొమ్మిదో తరగతిలో మా సైన్సు మాస్టారు బోర్డు మీద కేంద్రకం చుట్టూ వలయాలు గీస్తూ "కడుఁ గఠోరంబైన ఖర్పరమును" అని రాగం తీసేవారు. పోతన కూర్మావతారం సీసపద్యమని తెలుసు. మా పాప పుస్తకంలో మాత్రం కర్పరం అని ఉంది. ఏది సరి? అసలు తాబేటి చిప్ప మాటను ఎలక్ట్రాన్ల చోటికి తెచ్చిందెవరు?

గణవిభజన: కర్పరమే. యతి చూడండి. "కడుఁ"తో ఎత్తుకున్నాడు, మూడో గణం "కర్ప". క‌కు క.

ఏటిగట్టు: యతితో తేలదు గురువుగారూ. వర్గయతిలో క‌కు ఖ కూడా చెల్లుతుంది. అర్థంతోనే తేలాలి. ఖర్పరమంటే కపాలం, బిచ్చపు చిప్ప. మందరాన్ని మోసే వీపుకు అది నప్పుతుందా? "లక్ష యోజనముల వెడలుపై" అన్న వీపు అది!

చాక్‌పొడి: ముప్పయ్యేళ్లు రసాయన శాస్త్రం చెప్పాను. క అయినా ఖ అయినా పిల్లలకు గట్టి పెంకే తోస్తుంది, చిక్కంతా అక్కడే. సోడియం ఎలక్ట్రాన్లు లోపలినుంచి కర్పరాలవారీగా 2, 8, 1. ఆ చివరి కర్పరానికి కాఠిన్యమెక్కడిది, ఉన్న ఒక్క ఎలక్ట్రానూ ఇట్టే జారిపోతుంది. క్లోరిన్ 2, 8, 7, దానికి ఒకటి తక్కువ. కఠోరమనదగ్గది నియాన్‌ది, 2, 8తో నిండిపోయింది. పోనీ కక్ష్య అందామంటే గ్రహంలా ఒకే దారిన తిరుగుతుందనుకుంటారు.

ఏటిగట్టు: సోడియం ఒకటి ఇచ్చి క్లోరిన్ ఒకటి పుచ్చుకుంటే సరిపోయేదానికి 2Na + Cl₂ → 2NaCl అనే సమీకరణంలో ముందు ఆ 2 ఎందుకు మాస్టారూ?

చాక్‌పొడి: క్లోరిన్ వాయువులో రెండేసి పరమాణువులు జతకట్టి ఒక అణువుగా ఉంటాయమ్మా. విడిపోతే చెరొక సోడియం కావాలి. అందుకని ఎడమన సోడియం ముందు 2, కుడిన సోడియం క్లోరైడ్ ముందు 2. పిల్లలు క్లోరిన్ కాలి దగ్గరున్న 2 చెరిపేసి తుల్యమైందంటారు. అది చెరిపితే పదార్థమే మారిపోతుంది. ముట్టుకోవలసింది ముందున్న గుణకాన్నే.

తాళపత్రం: రెండు పరమాణువులు ఒక అణువు! ఇది భాగవతం తృతీయ స్కంధంలో ఉన్నదే. మూడు అణువులైతే త్రసరేణువు, కిటికీలోంచి పడే ఎండలో తేలే నలుసు. మన పాఠ్యపుస్తకాలు అణువును, పరమాణువును విడదీసింది అక్కడినుంచేనని నా గట్టి నమ్మకం.

గణవిభజన: మరి అణుబాంబు? పగిలేది పరమాణు కేంద్రకమే కదా. పరమాణువుల గురించి చెప్పిన ప్రాచీన దార్శనికులు వైశేషికుల దగ్గర రెండు పరమాణువులు చేరితే ద్వ్యణుకం. అక్కడ అణువన్నా పరమాణువన్నా ఒకటే. మీరు భాగవతం దగ్గరే ఆగిపోయారు.

తాళపత్రం: పోతన దగ్గర ఆగడం నాకు తక్కువేమీ కాదండీ.

పెన్సిల్‌ముక్క: మాస్టారు ఖ ఒత్తి పలికినట్టే ఇంకా చెవిలో ఉంది. ఆ మాటను పరమాణువుకు తెచ్చిందెవరో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఏటిగట్టు: అది వెతుకుదాం. ఈలోగా ఆ సీసం కింది ఎత్తుగీతి ఎవరికైనా నోటికొచ్చా?